సవర మాటలు రాసిన గిడుగు పంతులు గారు

గిడుగు వెంకట రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. తెలుగు వచ్చిన సవరాయన ఒకరిని ఇంట్లోనే ఉంచుకుని మన సవర భాష నేర్చుకున్నారు. పగలు బడి, మిగతా వేళ సవర. ముందు మాటలు, తరువాత పాటలు, కథలు, పిల్లల వాచకాలు రాశారు. కొండల్లో తిరిగి మలేరియా వచ్చింది. క్వినైన్ మందు వల్ల చెవుడొచ్చింది. అయినా మానలేదు. వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. 1940లో మరణించారు.

స్నేహితులారా, నేను సెలవుల్లో అమ్మమ్మ పాటలన్నీ ఒకేసారి రాసేద్దామని కూర్చున్నా. మూడో రోజుకే మానేశా. ఇప్పుడు రాత్రి స్టడీ అయ్యాక రోజుకొక్క చరణమే రాస్తున్నా. ఒక్కోరోజు ఒకటి అనుకుంటే నాలుగు వచ్చేస్తున్నాయి.