చిత్రకారుడు, వైణికుడు వెంకటప్ప

ఆదివారం నాడు పిల్లలను వెంటబెట్టుకొని కబ్బన్ పార్కుకు వెళ్ళని తెలుగు కుటుంబం బెంగుళూరులో ఉండదు. అక్కడినుండి కస్తూర్బా రోడ్డు మీదికి వస్తే పాత మ్యూజియం ఎర్ర భవనం ప్రక్కనే వెంకటప్ప చిత్రశాల ఉన్నది. ఎంతో కాలంగా ఆ పేరు చదువుతూ పోయేవారిలో కూడ, ఈ వెంకటప్ప ఎవరు అని అడిగితే చెప్పగలవారు తక్కువ. ఆయన కన్నడిగుడు. అయినా మనకు పరాయివాడు కాడు. మైసూరు చిత్రకార వంశాలవారు తమ విద్య విజయనగరం నాటిదని చెప్పుకొంటారు. 1565లో ఆ సామ్రాజ్యం కూలిన పిమ్మట కుంచె పట్టినవారు ఆశ్రయం వెదుక్కొంటూ శ్రీరంగపట్టణం చేరారని అంటారు. మన లేపాక్షి గుడి కప్పు మీద బొమ్మలు వేసినది కూడ ఆ విజయనగర సంప్రదాయమే కదా!

వెంకటప్పగారు 1886లో మైసూరులో, ఆస్థాన చిత్రకారుల ఇంట జన్మించారు. ఆ ఇండ్లలోని పని ఎటువంటిదో కొంచెం చెప్పాలి. మైసూరు పటంలో దేవుని కిరీటం, నగలు, సింహాసనం చదునుగా ఉండవు. సఫేదా పొడిలో జిగురు కలిపి ముద్దచేసి, సన్నని కుంచెతో పొరమీద పొరగా పెట్టి, ఆ భాగాన్ని కొద్దిగా ఉబ్బెత్తు చేస్తారు. ఆరిన తరువాత దానిమీద బంగారు రేకు అతికి రుద్దుతారు. దీపం వెలుగు పడితే నగ నిజంగా పెట్టినట్లే మెరుస్తుంది. పొడిని, జిగురును బంగారు నగగా మార్చే ఈ విద్య మధ్య వెంకటప్పగారు పెరిగారు.

ఆయన నేర్పును నాల్వడి కృష్ణరాజ ఒడయరు మహారాజావారు గుర్తించి విద్యార్థి వేతనమిచ్చి, 1909లో కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాలకు పంపారు. అక్కడ గురువు అవనీంద్రనాథ ఠాకూరు. నందలాల్ బోసు వంటివారు సహాధ్యాయులు. అవనీంద్రులు 1903లో కలకత్తా వచ్చిన జపాను చిత్రకారులు తైకాన్, షున్సోల పనిని చూచి ఒక క్రొత్త పద్ధతి కల్పించుకొన్నారు. రంగు వేసిన కాగితాన్ని నీటిలో ముంచడం, ఆరనిచ్చి మరల వేయడం, మరల ముంచడం. ఆ విధంగా చేయగా చేయగా రంగు కాగితంలోకి ఇంకి, బొమ్మ అంతా మంచు కప్పినట్లు అవుతుంది. తడిస్తే బొమ్మ పాడవుతుందని కదా మనం భయపడతాము. అక్కడ తడపడమే పని! సోదరి నివేదిత, ఆనంద కుమారస్వామి కలసి వ్రాయగా 1913లో వెలువడిన హిందూ బౌద్ధ పురాణగాథల గ్రంథంలో వెంకటప్పగారు వేసిన రామాయణ చిత్రాలున్నాయి. అప్పటికి ఆయనకు ఇరువది యేడేండ్లు.

మైసూరుకు తిరిగివచ్చిన తరువాత వీణ శేషణ్ణగారి వద్ద శిష్యరికం చేశారు. కుంచె కంటె వీణకే ఎక్కువ పొద్దు చెల్లిన కాలం కూడ ఉన్నది. పెండ్లి చేసికొనలేదు. దినచర్య వ్రాసుకొనే అలవాటుండేది.

ఒకసారి పట్టుబడిన పద్ధతితో ఊరుకొనే స్వభావం కాదాయనది. మహారాజావారి రూపాన్ని ఏనుగు దంతపు పలక మీద చిత్రించారు. దంతం కాగితం వలె రంగును పీల్చుకొనదు. నీటిరంగు దానిమీద జారుతుంది. అందుచేత సూదిమొన వంటి కుంచెతో చుక్క ప్రక్కన చుక్క పెట్టుకొంటూ పోవాలి. చెంపమీది నీడ కూడ చుక్కలతోనే రావాలి. కలకత్తాలో నేర్చిన ముంచే విద్యకు ఇది పూర్తిగా ఎదురు.

అటు తరువాత పట్టుకొన్నది ప్లాస్టర్ ఆఫ్ పారిస్. విరిగిన చేతికి డాక్టరు కట్టే పిండికట్టు అదే; ఇండ్ల కప్పులకు పూలు పోతపోసేదీ అదే. జిప్సం అనే రాయిని కాల్చి పొడిచేస్తే ఈ పిండి వస్తుంది. నీరు కలిపిన కొద్ది నిమిషాలలో వేడెక్కి గట్టిపడుతుంది. దానిని శిల్పి మామూలుగా అచ్చులకు వాడి, పని కాగానే పారవేస్తాడు. వెంకటప్పగారు దానితోనే పురాణ కావ్య ఘట్టాలను ఉబ్బెత్తు బొమ్మలుగా తీర్చారు. ఇటువంటి శిల్పంలో లోతు ఏపాటిది? కొద్దిపాటి మందంలోనే ముందు నిలుచున్న మనిషి, వెనుక చెట్టు, ఆవల ఆకాశం అన్నీ కనబడాలి. రంగు సాయం లేదు. తెలుపు మీద పడే నీడ ఒక్కటే ఆధారం. తండ్రి తాతలు కిరీటానికి పెట్టిన సఫేదా ముద్దే కుమారుని చేతిలో గోడమీది శిల్పంగా ఎదిగిందని నాకు తోస్తుంది.

మైసూరు రాజప్రాసాదం కొరకు ఇటువంటి శిల్పాలు చేసే పని మహారాజావారు ఆయనకు అప్పగించారు. 1940 ఆగస్టులో నాల్వడి కృష్ణరాజులు స్వర్గస్థులయ్యారు. ఆపైన చేసిన పనికి ఇవ్వవలసిన ప్రతిఫలం విషయమై ప్రాసాదంతో తగవు ఏర్పడి, న్యాయస్థానం దాకా పోయింది. రాజుగారి ఉప్పు తిన్న వంశంలో పుట్టినవాడు రాజుగారి ఇంటిపైనే వ్యాజ్యం వేయడం ఆ రోజులలో చిన్న సంగతి కాదు. నేను రైల్వే కచేరిలో గుమాస్తాను. మాకు బిల్లు వస్తే సరుకు ఎంత, రేటు ఎంత, పని ఎన్ని దినాలు అని మూడు గళ్ళు చూస్తాము. వెంకటప్పగారి శిల్పాన్ని ఏ గడిలో వ్రాయాలి? పిండి ఖరీదు బస్తాల లెక్కన కొద్ది రూపాయలు. చదరపు అడుగుల లెక్క కట్టితే తాపీపనివానితో సమానం. దినాల లెక్కంటారా, బొమ్మ ముందు కూర్చొని చేయి కదపకుండా చూచిన దినం పనిదినమా, కాదా? తన తండ్రి తాతలు అడగని ప్రశ్నను ఆయన అడిగారు. ఇచ్చినది పుచ్చుకొని దండం పెట్టి ఉంటే చిక్కే లేకపోవును.

నీలగిరి మీద, కొడైకెనాల్‌లో వేసిన నీటిరంగుల దృశ్యాలను గురించి చెప్పకపోతే లోపం. వాటిలో దేవతలు లేరు, రాజులు లేరు. కొండ, చెరువు, మబ్బు, వెన్నెల ఉన్నాయి. ఉదకమండలానికి మనలో వెళ్ళనివారెవరు? ఫోటో తీసికొని వస్తాము. వెంకటప్పగారి చిత్రంలో కొండమీదినుండి మంచు తొలగిపోయే ఆ క్షణం ఉన్నది. కలకత్తాలో నేర్చిన మసకను విడిచి, చెట్టును చెట్టుగా, ఆకును ఆకుగా చూపే నిదానం వాటిలో కనబడుతుంది. నాకు శిల్పాలకంటె ఇవే ఎక్కువ ఇష్టం.

చివరి రోజులలో కేంద్ర లలితకళా అకాడమీ వారు ఆయనకు ఫెలోషిప్పు ఇచ్చి గౌరవించారు. 1965లో కీర్తిశేషులయ్యారు. 1970వ దశాబ్దంలో రాష్ట్ర ప్రభుత్వం కస్తూర్బా రోడ్డు మీద ఆయన పేరిట చిత్రశాల తెరచి ఆయన చిత్రాలను, శిల్పాలను అందులో ఉంచింది. 2015లో ప్రభుత్వం ఆ చిత్రశాల నిర్వహణ విషయమై ఒక ప్రైవేటు సంస్థతో ఒప్పందం చేసికొన్నప్పుడు ఊరిలోని చిత్రకారులు ఇది ప్రజల సొత్తని అడ్డు తగిలారు. అప్పటికి వెంకటప్పగారు పోయి యాభై ఏండ్లు. ఆ ఒప్పందం నిలవలేదు.