అధ్యక్షులను నిలదీసిన కలము: హోరేస్ గ్రీలీ

అబ్రహాం లింకన్ చరిత్ర మన విద్యార్థులకు క్రొత్తది కాదు. 1863 జనవరి 1వ తేదీన ఆయన బానిస విమోచన ప్రకటన గావించినాడని ఉన్నత పాఠశాలలో చదివే బాలబాలికలు సైతం చెప్పగలరు. కాని దానికి నాలుగు మాసాల ముందు, 1862 ఆగస్టు 20వ తేదీన, న్యూయార్కు నగరంలో ఒక పత్రికా సంపాదకుడు రెండు కోట్ల ప్రజల ప్రార్థన అని శీర్షిక పెట్టి, బానిసల విషయంలో మీనమేషాలు లెక్కపెట్టుచున్నందుకు ఆ లింకన్ మహాశయునే బహిరంగలేఖలో నిలదీసినాడని ఎరిగినవారు తక్కువ. రెండు దినాలలో అధ్యక్షుడు సమాధానం వ్రాసినాడు. దేశ సమైక్యాన్ని నిలుపుటే తన ప్రథమ కర్తవ్యమనీ, బానిసల విషయంలో తాను ఏమి చేసినా, చేయకున్నా ఆ కార్యం కొరకేననీ దాని సారాంశం. విచిత్రమేమనగా, విమోచన ప్రకటన చిత్తుప్రతిని లింకన్ అప్పటికే సిద్ధపరచి, జూలైలోనే మంత్రులకు వినిపించి ఉన్నాడు. ఆ సంగతి లోకానికి తెలియదు. అంతర్యుద్ధం నడుమ దేశాధ్యక్షుడు ఒక పత్రికాసంపాదకునికి పత్రికాముఖంగా సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చినదంటే ఆ సంపాదకుని పలుకుబడి ఎంతటిదో ఊహించుకొనవచ్చు. ఆయనే హోరేస్ గ్రీలీ.

1811 ఫిబ్రవరి 3వ తేదీన న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని ఆమ్‌హర్‌స్ట్ ప్రాంతాన ఒక పేద కర్షకుని ఇంట గ్రీలీ జన్మించినాడు. తండ్రి అప్పులపాలై, ఉన్న భూమిని పోగొట్టుకొని, కుటుంబంతో వెర్మాంట్ రాష్ట్రానికి తరలిపోయినాడు. పిల్లవానికి పుస్తకాలపై మక్కువ అపారం; బడిచదువు మాత్రం స్వల్పం. పదిహేనవ యేట ఈస్ట్ పౌల్ట్నీ అనే చిన్న ఊరిలో ఒక వారపత్రిక అచ్చుకూటంలో పని నేర్చుకొనుటకు చేరినాడు. సీసపు అక్షరాలు పేర్చుచునే లోకజ్ఞానం సంపాదించినాడు. ఆ పత్రిక మూతబడిన తరువాత, 1831లో, సుమారు పది డాలర్లు చేతబట్టుకొని న్యూయార్కులో కాలుపెట్టినాడు.

ఆనాటి అమెరికా పత్రికల స్థితిని గురించి ఇక్కడ ఒక్కమాట చెప్పవలసి ఉన్నది. వానిలో పెక్కు ఏదో ఒక రాజకీయ పక్షానికి బాకాలు. తన పక్షం గెలిచినచో ప్రభుత్వ ముద్రణపనులు ఆ పత్రిక అచ్చుకూటానికి దక్కేవి; ఓడినచో పస్తులే. ప్రతి ఒక్కటికి ఆరు సెంట్లు పెట్టి వర్తకులు, న్యాయవాదులు చదివేవారు గాని కూలివాడు కొనలేడు. 1833లో బెంజమిన్ డే అనే ముద్రాపకుడు ఒక్క సెంటుకే పత్రికనిచ్చి వీధులలో అమ్మించడంతో పత్రిక సామాన్యుని చేతికి వచ్చినది. అయితే ఆ చౌక పత్రికలను నిండా ఆక్రమించినవి హత్యలూ, నేరాలూ, న్యాయస్థానంలోని రచ్చలూ.

గ్రీలీ మొదట నడచినది పక్షపత్రికల బాటనే. న్యూయార్కు రాష్ట్రంలో విగ్ పక్షానికి సూత్రధారియైన థర్లో వీడ్, ఆ పక్షనాయకుడు విలియం సీవార్డ్ ఈ యువకుని చేరదీసినారు. 1840 ఎన్నికలలో విలియం హెన్రీ హారిసన్ కొరకు గ్రీలీ నడపిన ప్రచారపత్రిక వారం వారం ఎనభై వేల ప్రతులవరకు పోయినది. హారిసన్ గెలిచినాడు, పదవి చేపట్టిన నెలకే మరణించినాడు. న్యూయార్కు నగరం ఆయనకు సంతాపంగా ఊరేగింపు జరిపిన దినమే, 1841 ఏప్రిల్ 10న, గ్రీలీ తన న్యూయార్క్ ట్రిబ్యూన్ మొదటి సంచిక వెలువరించినాడు. వెల ఒక సెంటు. వెల చౌకగా ఉన్నంతమాత్రాన విషయం చౌకబారు కానక్కరలేదని ఆయన పట్టుదల. మార్గరెట్ ఫుల్లర్ అనే విదుషీమణిచేత గ్రంథవిమర్శలు వ్రాయించినాడు. ఆ కాలాన ఒక స్త్రీకి దినపత్రికలో అట్టి పీఠం దక్కుట అరుదు. లండన్‌లో తలదాచుకొన్న కార్ల్ మార్క్స్ 1852 నుండి సుమారు పదేండ్లు ఈ పత్రికకు వ్యాసాలు పంపినాడు. మన దేశంలోని ఆంగ్లేయ పరిపాలనను గురించి 1853లోనూ, సిపాయిల తిరుగుబాటును గురించి 1857లోనూ మార్క్స్ వ్రాసిన ప్రసిద్ధ వ్యాసాలు తొలుత అచ్చయినది ఈ అమెరికా పత్రికలోనే. మన చరిత్రవిద్యార్థులు ఈ సంగతి గుర్తుంచుకొనదగినది.

ట్రిబ్యూన్ బలం నగరంలో కన్న పల్లెలలోనే హెచ్చు. దాని వారపు కూర్పు అంతర్యుద్ధం నాటికి రెండు లక్షల ప్రతులకు చేరినది. ఉత్తరాన, పడమటన రైతు ఇండ్లలో ఒక్కొక్క ప్రతిని ఎందరో చదివేవారు. బానిసత్వాన్ని క్రొత్త ప్రాంతాలకు వ్యాపింపనీయరాదన్న వాదం వారి మనస్సులలో నాటుకొనుటకూ, 1854లో రిపబ్లికన్ పార్టీ అంకురించుటకూ ఈ పత్రిక చేసిన దోహదం సామాన్యమైనది కాదు.

ఇంతటి వానికి ఒక బలహీనత ఉన్నది: పదవీకాంక్ష. 1848 డిసెంబరులో ఒక ఖాళీ స్థానంలో మూడు మాసాలపాటు కాంగ్రెసు సభ్యుడుగా కూర్చున్నాడు. అక్కడ కూడా పత్రికారచయిత ఊరకుండలేదు. సభ్యులు చుట్టుదారి లెక్కలు చూపి ప్రయాణభత్యం ఎంతెంత అదనంగా తీసుకొన్నారో పేరుపేరునా పట్టిక వేసి తన పత్రికలో ప్రకటించినాడు. ఆ పట్టికలో అప్పటి సభ్యుడైన లింకన్ పేరు కూడా ఉన్నది! తోటిసభ్యులు మండిపడినారనుట వేరుగా చెప్పనక్కరలేదు. ఇక 1854లో రాష్ట్ర ఉపగవర్నరు స్థానానికి తననైనా నిలుపుతారని ఆశించగా, వీడ్ దానిని హెన్రీ రేమండ్‌కు ఇప్పించినాడు. ఈ రేమండ్ గ్రీలీ క్రింద పనిచేసినవాడు. తరువాత న్యూయార్క్ టైమ్స్ స్థాపించి ప్రత్యర్థియైనవాడు. గాయపడిన గ్రీలీ పాతమిత్రులతో తెగతెంపులు చేసుకొన్నాడు. 1860లో చికాగో మహాసభలో సీవార్డ్‌కే అభ్యర్థిత్వమని అందరూ తలంచుచుండగా, ఆరెగాన్ ప్రతినిధిగా అక్కడికి పోయి ఆయనకు అడ్డుపడినాడు. గ్రీలీ బలపరచినది ఎడ్వర్డ్ బేట్స్‌ను; ఫలం దక్కినది లింకన్‌కు.

యుద్ధం వచ్చినది. శత్రురాజధానియైన రిచ్‌మండ్‌పైకి వెంటనే దండెత్తవలెనని ట్రిబ్యూన్ దినదినమూ కేకలు పెట్టినది. ఆ పంక్తులు గ్రీలీ వ్రాసినవి కావు గాని పత్రిక ఆయనది. 1861 జూలై 21న బుల్ రన్ వద్ద సేన చెల్లాచెదరయినది. గ్రీలీ కుప్పకూలి మంచం పట్టినాడు. 1863 జూలైలో నిర్బంధ సైనికభర్తీకి ఎదురు తిరిగిన అల్లరిమూక న్యూయార్కులో ఆయన కార్యాలయంపైననే పడినది.

యుద్ధానంతరం ఆయన చేసిన ఒక పని నా దృష్టిలో అన్నింటికన్న గొప్పది. ఓడిన దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ విచారణ లేకుండ రెండేండ్లు చెరలో మ్రగ్గినాడు. 1867 మే నెలలో ఆయన విడుదలకు కావలసిన లక్ష డాలర్ల జామీనుపై గ్రీలీ కూడా సంతకం పెట్టినాడు. జీవితమంతా బానిసత్వంతో పోరాడినవాడు బానిసయజమానుల నాయకునికి జామీనుదారు! వారపు కూర్పు చందాదారులు వేలకువేలుగా తొలగినారు. ఆయన వ్రాసిన యుద్ధచరిత్ర గ్రంథం అమ్మకాలు పడిపోయినవి. ఆయన చలించలేదు. మరుసటి యేట ప్రకటించిన ఆత్మకథలో, తన సమాధిరాతిపై ట్రిబ్యూన్ స్థాపకుడని వ్రాసిన చాలునన్న కోరిక తెలిపినాడు.

కాని ఆ కోరికతో మనస్సు తృప్తిపడలేదు. 1872లో అధ్యక్షుడు గ్రాంట్ పరిపాలనలోని అవినీతికి రోసిన రిపబ్లికనులు వేరుపడి గ్రీలీని అధ్యక్షపదవికి నిలిపినారు. వేరు దారి లేక డెమొక్రాటిక్ పార్టీ కూడా ఆయననే అంగీకరించినది. ముప్పదేండ్లు తన పత్రికలో ఎవరిని తూర్పారబట్టినాడో వారి ఓట్లే ఇప్పుడు ఆయనకు కావలసినవి! ప్రత్యర్థులకు వెదకుకొనే శ్రమ లేకపోయినది. ట్రిబ్యూన్ పాతసంచికలు తీసి, ఆయన వాక్యాలనే మరల అచ్చొత్తి పంచినారు. హార్పర్స్ వీక్లీలో థామస్ నాస్ట్ అనే వ్యంగ్యచిత్రకారుడు గ్రీలీ తెల్లకోటును, తెల్లటోపీని, గుండ్రని కళ్లద్దాలను వదలక చిత్రించి నవ్వులపాలు చేసినాడు. అక్టోబరు 30న భార్య మేరీ కన్నుమూసినది. నవంబరు 5న ఆరు రాష్ట్రాలు మినహా దేశమంతా ఓడించినది. తన పత్రికకు తిరిగి వచ్చి చూడగా పెత్తనం వైట్‌లా రీడ్ చేతులలో ఉన్నది. మనస్సు చెదరి, నవంబరు 29న గ్రీలీ మరణించినాడు. ఓడించిన గ్రాంట్ స్వయంగా అంత్యక్రియలకు వచ్చినాడు.

ఆ దేశపద్ధతిలో అధ్యక్షుని ఎన్నుకొనేది ప్రజలు పంపిన నియోజకులు. గ్రీలీ పక్షాన గెలిచిన 66 మంది నియోజకులు ఓటు వేయవలసిన నాటికి వారి అభ్యర్థి లేడు. అరువదిముగ్గురు తమ ఓట్లను ఇతరులకు పంచినారు. జార్జియాకు చెందిన ముగ్గురు మాత్రం మరణించిన గ్రీలీకే వేసినారు. 1873 ఫిబ్రవరిలో కాంగ్రెసు ఆ మూడు ఓట్లను లెక్కలోనికి తీసుకొనలేదు.