ఇద్దరితో మొదలైన సంఘం

1813 సెప్టెంబరు 19, ఆదివారం. బర్మా దేశంలోని రంగూన్‌లో ఒక ఇంట్లో ఓ యువ జంట ప్రభు బల్ల ఆచరించింది. రొట్టె విరిచింది భర్త, అందుకున్నది భార్య. వారు ఇద్దరే అయినా తమను ఒక సంఘంగానే ఎంచుకున్నారు. ఆయన పేరు అదోనీరామ్ జడ్సన్, ఆమె పేరు యాన్. అప్పటికి ఆయనకు పాతికేళ్లు, ఆమెకు ఇరవై మూడేళ్లు. బర్మా వారిలోనుంచి మొదటి విశ్వాసి మౌంగ్ నౌ బాప్తిస్మం పొంది ఆ సంఘంలో చేరింది 1819 జూన్ 27న. అంటే దాదాపు ఆరేళ్ల ఎదురుచూపు.

జడ్సన్ బైబిలు మొత్తాన్ని బర్మా భాషలోకి అనువదించాడని, ఆ భాషకు నిఘంటువు కూర్చాడని, సువార్త కోసం సంకెళ్లు మోశాడని మనం ప్రసంగాల్లో చెప్పుకుంటాం. అయితే ఆ పరిచర్య ఏ ఇంట్లో నిలబడిందో, ఆ ఇంటివారు దానికి ఎంత వెల చెల్లించారో అంతగా చెప్పుకోం. అకుల, ప్రిస్కిల్లల ఇంట ఉన్న సంఘానికి పౌలు వందనాలు చెప్పాడు (రోమా 16:3–5). జడ్సన్ సంఘం కూడా అలా ఇంట్లో పుట్టినదే. అందుకే ఈ వారం ఆ ఇంటి కథే చెప్పుకుందాం.

జడ్సన్ 1788లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒక పాస్టరుగారింట పుట్టాడు. యాన్ హాసెల్టైన్‌ను పెళ్లాడాలనుకున్నప్పుడు ఆమె తండ్రికి ఆయన రాసిన ఉత్తరం చాలా విచిత్రమైనది. అందులో ఆస్తి మాట లేదు, హోదా మాట లేదు. కూతురిని ఈ లోకంలో మళ్లీ చూడలేకపోయినా, ఆమె పరాయి దేశంలో లేమికి, అవమానానికి, చివరకు ఘోరమైన చావుకే గురైనా మీకు సమ్మతమేనా అని అడిగాడు. ఏ తండ్రికైనా గుండె ఆగిపోయే ప్రశ్న అది! ఆ తండ్రి నిర్ణయాన్ని కూతురికే వదిలేశాడు. ఆమె సరేనంది. 1812 ఫిబ్రవరి 5న పెళ్లయింది. రెండు వారాలకే ఓడ ఎక్కారు.

వారిని పంపింది శిశువులకు బాప్తిస్మమిచ్చే కాంగ్రిగేషనల్ సంఘాలవారు. ఓడలో జడ్సన్ బాప్తిస్మం గురించి లేఖనాలు పరిశోధించగా, విశ్వసించిన తరువాతే బాప్తిస్మం పొందాలని ఆయనకు అర్థమైంది. యాన్ ఒప్పుకోలేదు. భర్త బాప్టిస్టు అయినా తాను మాత్రం కానని తెగేసి చెప్పింది. ఆ తరువాత తానే లేఖనాలు తెరిచి, స్వయంగా పరిశీలించి అదే నమ్మకానికి వచ్చింది. 1812 సెప్టెంబరు 6న కలకత్తాలో విలియం వార్డ్ ఆ ఇద్దరికీ బాప్తిస్మమిచ్చాడు. భర్త మతం భార్య మతం అనుకునే కాలంలో, ఆమె తన మనస్సాక్షితో తాను తేల్చుకుని నీళ్లలోకి దిగింది. ఆ నిర్ణయంతో తమను పంపినవారి ఆధారం పోయింది. అప్పుడు అమెరికాలోని బాప్టిస్టులు వారిని ఆదుకోవడానికి 1814 మేలో ఫిలడెల్ఫియాలో కూడి ఒక మిషనరీ సమాఖ్యను స్థాపించారు. 1836లో తెలుగు గడ్డపై అడుగుపెట్టి, 1840లో నెల్లూరు చేరిన శామ్యూల్ డేను పంపింది ఆ సమాఖ్యే. అలా మన నెల్లూరు, ఒంగోలు సంఘాల వేర్లు కూడా ఈ దంపతుల నిర్ణయం దాకా వెళ్తాయి.

రంగూన్ ప్రయాణం మద్రాసు రేవునుంచి 1813 జూన్‌లో సాగింది. సముద్రం మీదే యాన్‌కు తొలి కాన్పు వచ్చింది, బిడ్డ చనిపోయి పుట్టింది. 1815 సెప్టెంబరులో రోజర్ విలియమ్స్ అనే కొడుకు పుట్టాడు. ఎనిమిది నెలలైనా నిండకుండానే జ్వరంతో కన్నుమూశాడు. ఆ ఇంట మళ్లీ ఊయల ఊగడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఈ మధ్యలో యాన్ ఏడుస్తూ కూర్చోలేదు. బర్మా భాష నేర్చి స్త్రీలకు వాక్యం చెప్పింది, సయామీ భాష కూడా నేర్చి మత్తయి సువార్తను అందులోకి అనువదించింది. ఆరోగ్యం చెడితే అమెరికా వెళ్లి, రెండేళ్లు భర్తకు దూరంగా ఉండి, 1823 డిసెంబరులో తిరిగివచ్చింది.

మరుసటి సంవత్సరమే ఇంగ్లిషువారికీ బర్మా రాజుకూ యుద్ధం మొదలైంది. తెల్లవాళ్లంతా గూఢచారులేనన్న అనుమానంతో 1824 జూన్ 8న జడ్సన్‌ను రాజధాని ఆవాలో చెరసాలలో వేశారు. కాళ్లకు ఇనుప సంకెళ్లు. రాత్రయితే ఆ కాళ్లను వెదురు బొంగుకు తగిలించి పైకి ఎత్తేవారు. నిండు గర్భిణి అయిన యాన్ అధికారుల గడపలన్నీ ఎక్కి దిగింది, బతిమాలింది, కానుకలిచ్చింది, భర్తకు తిండి మోసింది. అనువాదపు రాతప్రతిని దిండులో పెట్టి కుట్టి చెరసాలకు పంపింది. 1825 జనవరిలో మరియా అనే కూతురు పుట్టింది. కొన్ని నెలలకు ఖైదీలను ఔంగ్‌బిన్‌లే అనే ఊరికి తరలిస్తే, చంకన పసిబిడ్డతో ఆమె అక్కడికీ వెళ్లింది. అక్కడ జబ్బుపడి మంచం పట్టింది, పాలు ఎండిపోయాయి. అప్పుడు జడ్సన్ కాపలావాళ్లను ఒప్పించి, కాళ్ల సంకెళ్లతోనే బిడ్డను ఎత్తుకుని, ఊళ్లో ఇంటింటికీ తిరిగి బాలింతలను ఒక్కసారి పాలివ్వమని బతిమాలాడు. బర్మా తల్లులు తమ బిడ్డల వంతు పాలు ఈ పరాయి బిడ్డకు పట్టారు. సువార్త ఇవ్వడానికి వెళ్లినవాడు ఆ ఊరి గడపల్లో తన బిడ్డ ప్రాణానికి చేయి చాచాడు. జడ్సన్ జీవితం మొత్తంలో మనం ఎక్కువసేపు ఆగి చూడవలసిన దృశ్యం ఇదేనేమో!

1826లో సంధి కుదిరింది. జడ్సన్ కుటుంబం అమ్హర్స్ట్ అనే కొత్త ఊరు చేరింది. బ్రిటిషు రాయబార బృందానికి దుభాషిగా రమ్మని ఆయనకు పిలుపు వచ్చింది. సంధి పత్రంలో మతస్వేచ్ఛకు చోటు దొరుకుతుందన్న ఆశతో, యాన్ ప్రోత్సాహంతో ఆయన ఆవాకు వెళ్లాడు. ఆ ఆశ నెరవేరలేదు. ఆయన అక్కడుండగానే అక్టోబరు 24న యాన్ జ్వరంతో కన్నుమూసింది, ఆమె వయసు 36 ఏళ్లు. ఆరు నెలలు గడిచేసరికి చిన్నారి మరియానూ తల్లి పక్కనే పాతిపెట్టవలసివచ్చింది.

తరువాతి సంవత్సరాల గురించి చెప్పడానికి మనం జంకుతాం గానీ, దాచకూడదు. చెరసాలలో విరగని మనిషి ఆ సమాధుల దగ్గర విరిగిపోయాడు. మనుషులకు దూరంగా అడవి అంచున పాక వేసుకున్నాడు. ఒక సమాధి తవ్వించుకుని దాని పక్కనే కూర్చుని చావు గురించి ధ్యానించేవాడు. దేవుని నమ్ముతున్నాను గాని ఆయన నాకు కనబడడం లేదని ఇంటికి ఉత్తరం రాశాడు. విశ్వాసవీరులకు దుఃఖం ఉండదనుకునేవారు ఈ పేజీ చదవాలి. దేవుడు ఆయనను గద్దించలేదు, విడిచిపెట్టనూ లేదు. బదరీ వృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాను లేపినట్టే మెల్లగా లేపాడు. 1834 జనవరి 31న బర్మా బైబిలు అనువాదం పూర్తయింది.

అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఆయన సారాను పెళ్లాడాడు. ఆమె కరేనుల మధ్య పరిచర్య చేసి 1831లో చనిపోయిన జార్జ్ బోర్డ్‌మన్ భార్య. భర్త పోయినా తిరిగి వెళ్లక, కొడుకును వెంటబెట్టుకుని మూడేళ్లు పరిచర్యను కొనసాగించిన ధీరురాలు. యాత్రికుని ప్రయాణం అనే పుస్తకాన్ని బర్మా భాషలోకి తెచ్చింది ఆమే. ఆ కొడుకును ఆరేళ్ల వయసులో చదువు కోసం, ఆరోగ్యం కోసం ఒంటరిగా అమెరికాకు ఓడ ఎక్కించవలసివచ్చినప్పుడు ఆ తల్లి మనసు ఎంత విలవిలలాడిందో తల్లులకే తెలుసు. జడ్సన్‌కు ఆమె ఎనిమిదిమంది పిల్లలను కన్నది, అయిదుగురు దక్కారు. ఆమె ఆరోగ్యం క్షీణించడంతో 1845లో ముగ్గురు పెద్దపిల్లలతో అమెరికాకు బయలుదేరారు. చిన్నవాళ్లు ముగ్గురూ బర్మాలోనే ఉండిపోయారు, వారిలో చార్లెస్ ఆ ఆగస్టులోనే చనిపోయాడు. సెప్టెంబరు 1న సెయింట్ హెలెనా దీవి రేవులో సారా కన్నుమూసింది. ఆమెను ఆ దీవిలో పాతిపెట్టిన రోజే ఓడ తెరచాప ఎత్తింది. తల్లిలేని ముగ్గురు పిల్లలతో జడ్సన్ 33 ఏళ్ల తరువాత స్వదేశంలో దిగాడు.

1846లో రచయిత్రి ఎమిలీ చబ్బక్‌తో పెళ్లయింది. ఆమె సారా జీవిత చరిత్ర రాసింది, మిగిలిన పసివాళ్లకు తల్లి అయింది. 1850లో జడ్సన్ తీవ్రంగా జబ్బుపడితే సముద్రపు గాలి మంచిదన్నారు. నిండు చూలాలైన ఎమిలీ వెళ్లలేకపోయింది. ఏప్రిల్ 12న ఆయన ఓడలోనే చనిపోగా సముద్రంలోనే సమాధి చేశారు. పది రోజులకు ఆమె కన్న బిడ్డ పుట్టినరోజునే పోయాడు. భర్త మరణవార్త ఆమెకు చేరడానికి నాలుగు నెలలు పట్టింది. ఆమె పిల్లలతో అమెరికా చేరుకుని 1854లో క్షయతో మరణించింది. భార్యాభర్తలు నలుగురివి నాలుగు చోట్ల సమాధులు. ఆ పిల్లల్లో ఎడ్వర్డ్ పాస్టరై తండ్రి జీవిత చరిత్ర రాశాడు, అదోనీరామ్ బ్రౌన్ ఎముకల వైద్యుడయ్యాడు.

ఈ కథ మనకు ఏమి నేర్పిస్తుంది? పరిచర్య కోసం ఇంటిని పట్టించుకోకపోవడమే త్యాగమని కొందరు జడ్సన్‌ను ఉదాహరణగా చూపిస్తుంటారు. అది ఆయనకు చేసే అన్యాయం. సంకెళ్లతో బిడ్డను ఎత్తుకుని పాలకోసం తిరిగిన తండ్రి ఇంటిని వదిలేసినవాడు కాడు. ఇంటివారి నష్టానికి ఆయన మనసు రాయి కాలేదు, పగిలింది. తన ఇంటివారిని ఏలనేరనివాడు దేవుని సంఘాన్ని ఎలా పాలిస్తాడని పౌలు తిమోతిని అడిగిన ప్రశ్న (1 తిమోతి 3:5) పాస్టర్లమైన మాకే కాదు, సంఘ పెద్దలందరికీ వర్తిస్తుంది.

మరొక సంగతి. రంగూన్ సంఘంలో యాన్ కేవలం పాస్టరుగారి భార్య కాదు, ఆ సంఘంలో సగం ఆమే. మన సంఘాల్లో పాస్టరమ్మలు ఆదివారం అందరికంటే ముందు వస్తారు, అందరి తరువాత ఇంటికి వెళ్తారు. వారి ఆరోగ్యం ఎలా ఉందో, పిల్లల చదువుకు ఏమి కావాలో అడిగేవారు ఎంతమంది? సంఘ వార్షికోత్సవాల్లో స్థాపకుల పేర్లు చదివేటప్పుడు వారి భార్యల పేర్లు కూడా చదువుదాం, పేరు తెలియకపోతే ఊళ్లోని వృద్ధులను అడిగి తెలుసుకుందాం. జడ్సన్ అనువదించిన బైబిలును మయన్మార్ విశ్వాసులు నేటికీ చదువుతున్నారు. ఆ బైబిలు రాతప్రతిని దిండులో దాచి కాపాడిన చేతులు యాన్‌వని మరిచిపోకుందాం.