నవ్వుతో మొదలైన మఖ్దూం

హైదరాబాదులో అమీర్‌పేట నుండి పంజాగుట్ట మీదుగా ఖైరతాబాదు వైపు సాగు రహదారి నేడు ఊపిరి సలుపనిది. తలపైన మెట్రో రైలు, నేలపైన తెంపులేని వాహనముల వరుస. ఆ పంజాగుట్ట రోడ్డు మీదనే ఐవానె ఉర్దూ అను భవనమొకటి ఉన్నది. ఇదారె అదబియాతె ఉర్దూ అను సాహిత్య సంస్థకు అది నిలయము. ఉస్మానియా విశ్వవిద్యాలయములో ఉర్దూ బోధించిన డాక్టర్ సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1931లో ఆ సంస్థకు పునాది వేసినాడు. మరుగున పడిన దక్కనీ కావ్యముల వ్రాతప్రతులను ఏరి కూర్చి, కులీ కుతుబ్‌షా కవిత్వమును దుమ్ము దులిపి లోకమునకు చూపిన పండితుడాయన. జోర్ పండితుడు ప్రాచీనుల సేవలో మునిగియున్న ఆ యేండ్లలోనే, అదే విశ్వవిద్యాలయములో ఒక పేద విద్యార్థి తోటివారిని కడుపుబ్బ నవ్వించుచు ఉర్దూ కవిత్వములో అడుగు పెట్టినాడు. అతడే మఖ్దూం మొహియుద్దీన్.

మఖ్దూం పేరు చెప్పగానే నేటివారికి గుర్తుకు వచ్చునది ఎర్రజెండా. హిమాయత్‌నగరులోని మఖ్దూం భవన్, ట్యాంకుబండు మీది విగ్రహము, తెలంగాణ రైతాంగ పోరాటము, కార్మిక సంఘములు, చెరసాల. ఇవన్నియు సత్యములే. కాని విగ్రహములకు నవ్వు రాదు. ఈ కవికి మొట్టమొదట పేరు తెచ్చినది విప్లవ గీతము కాదు, ఒక పచ్చని శాలువ మీద కట్టిన హాస్యగేయము; ఆ వెనుక ఒక ప్రహసనము. విద్యార్థులు విద్యార్థులను నవ్వించుటకై రంగస్థలమెక్కిన ఆ నాలుగైదేండ్లను విడిచి మఖ్దూం జీవితమును చెప్పుట, మొదటి అంకమును చింపివేసి నాటకమును చదువుట వంటిది.

1908 ఫిబ్రవరి 4వ తేదీన నాటి మెదకు జిల్లాలోని అందోలులో అతడు జన్మించినాడు. ఆ ఊరు నేడు సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. పసితనములోనే తండ్రి పోయినాడు. తల్లి మరల వివాహమాడినది. పినతండ్రి బషీరుద్దీన్ ఆ బాలుని పెంచినాడు. ఆ ఇంట నిష్ఠ మెండు, కలిమి తక్కువ. వేకువనే లేచుట, మసీదు ఊడ్చుట, నీళ్ళు మోయుట బాలుని నిత్యకృత్యములు. అయితే ఆ పినతండ్రి ఛాందసుడు మాత్రమే కాడు. రష్యా అను దేశమొకటి ఉన్నదనియు, అక్కడ ధనికుడు, పేదవాడు ఒకే వస్త్రము పరచుకొని కలిసి భోజనము చేయుచున్నారనియు ఆయన ఒకనాడు ఇంటిలో చెప్పగా విన్న మాట మఖ్దూం మనసులో చిరకాలము నిలిచిపోయినది. పదేండ్ల ఆకలిపిల్లవానికి విప్లవమనగా అన్నముగా అర్థమగుటలో వింత లేదు.

1929లో అతడు చదువునకై ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరినాడు. నేడు మనమెరిగిన ఆర్ట్స్ కళాశాల రాతి భవనము నాటికి లేదు. దాని ప్రారంభోత్సవము 1939లో జరిగినది. 1918లో నెలకొన్న విశ్వవిద్యాలయము నగరము నడుమ తాత్కాలిక వసతులలో నడచుచుండినది. అచ్చట బోధన సర్వము ఉర్దూలోనే. వైద్యమైనను, గణితమైనను అంతే. అందుకై ప్రత్యేకముగా అనువాద శాఖయే ఉండెడిది. పాశ్చాత్య శాస్త్రములన్నియు ఉర్దూ వేషము వేసుకొనుచున్న ఆ వాతావరణములో పాశ్చాత్య నాటకము కూడ ఆ వేషము వేయుట సహజమే గదా!

చేరినాడు గాని చేతిలో కాసు లేదు. రాత్రులు మసీదులో పడుకొన్న దినములు గలవు. పిల్లలకు పాఠములు చెప్పినాడు. బజారులో బొమ్మలు, సినిమా తారల చిత్రములు అమ్మినాడు. పత్రికలలో చిల్లర పనులు చేసినాడు. ఈ ఇబ్బందులను చెప్పుకొని జాలి పొందుట అతని స్వభావము కాదు. దానికి బదులు అతడు నలుగురి నడుమ చేరి హాస్యమాడెడివాడు. మాటలలో చమత్కారము, పాటలో గొంతు, అభినయములో ఈడు జోడు లేని చొరవ: ఈ మూడింటితో వసతిగృహపు సాయంకాలములకు అతడు నాయకుడైనాడు. లేమిలో నవ్వువాడు రెండు విధములుగా ఉండును. తన లేమిని మరచుటకు నవ్వువాడొకడు. ఎదుటివాని కలిమిని పరీక్షించుటకు నవ్వువాడు మరియొకడు. మఖ్దూం మొదటివానిగా ఆరంభించి రెండవవాడైనాడు.

1933లో వ్రాసిన పీలా దుశాలా అను గేయము ఆ మొదటి దశకు చెందినది. పేరునకు పచ్చని శాలువ. విషయము వట్టి విద్యార్థి పరిహాసము. గొప్ప కవిత్వమని దానినెవరును పొగడరు. పొగడవలసిన పనియు లేదు. కాని అది నోటికి పట్టినది, విద్యార్థులు దానిని గుంపులుగా పాడుకొన్నారు. పదిమంది ఒక్క గొంతుతో పాడదగిన పాట ఎట్లుండవలెనో అతడు నేర్చిన తొలి పాఠమదియే. ఇరువది యేండ్లు నిండకమునుపే ఆ పదిమంది పదివేల మంది కార్మికులైనారు.

రెండవ దశకు ద్వారము తెరచినది బెర్నార్డ్ షా. మిత్రుడు మీర్ హసన్‌తో కలిసి మఖ్దూం షా వ్రాసిన తొలి నాటకము విడోయర్స్ హౌసెస్‌ను ఉర్దూలోనికి మార్చి, 1934 ప్రాంతమున ప్రదర్శింపజేసినాడు. దానికి హోష్ కే నాఖున్ అని పేరిడినారు. కొంచెము తెలివి తెచ్చుకొమ్మని మందలించునప్పుడు ఉర్దూవారు వాడు పలుకుబడి అది. పేరులోనే ఒక మొట్టికాయ ఉన్నది.

మూలకథ విద్యార్థులు తెలిసికొనదగినది. ట్రెంచ్ అను యువ వైద్యుడు విహారయాత్రలో బ్లాంచ్ అను కన్యను చూచి వలచును. ఆమె తండ్రి సార్టోరియస్ పెద్దమనిషి, ధనవంతుడు. పెండ్లి నిశ్చయమగుచుండగా ఆ ధనమెక్కడిదో బయటపడును. లండను పేటలలో కూలిపోవుచున్న ఇండ్లను గదులుగా, గదులను మూలలుగా పంచి, బీదవారి వద్ద వారము వారము పిండు అద్దె అది. ప్రమాదకరముగా ఉన్న మెట్లను బాగుచేయించుటకు ఒక పౌను నాలుగు షిల్లింగులు వెచ్చించినందుకే అద్దె వసూలు చేయు లిక్‌చీజ్ అనువాడు కొలువు పోగొట్టుకొనును. ట్రెంచ్‌కు రోషము వచ్చును. మామగారి సొమ్ము ముట్టనని, ఏటా తనకు వచ్చు 700 పౌన్లతోనే కాపురము చేయుదమని ప్రియురాలితో పంతగించును. అంతట సార్టోరియస్ నిదానముగా ఒక నిజము చెప్పును. ఆ 700 పౌన్లు అవే ఇండ్ల తాకట్టు మీది వడ్డీ. ఆదర్శవాది నోరు మూతబడును. కడపట అతడును ఆ వ్యాపారములోనే భాగస్వామి యగును, పెండ్లియు జరుగును. ప్రేక్షకులు నవ్వుచునే ఉందురు గాని, ఆ నవ్వు గొంతులో ఎక్కడనో ముల్లువలె తగులును.

తెలుగు ఉపాధ్యాయులకు ఇచ్చట ఒక ముచ్చట తోపక మానదు. షా నాటకము లండనులో రంగమెక్కినది 1892లో. గురజాడ కన్యాశుల్కము విజయనగరములో రంగమెక్కినదియు 1892లోనే. ఇద్దరును ఒకరినొకరు ఎరుగరు. ఇద్దరును ఎంచుకొన్నది పెండ్లినే. పెండ్లి పందిరి క్రింద ధనము ఆడు ఆటను హాస్యముతో బయటపెట్టుటయే ఇద్దరి పని. గిరీశము ఆదర్శములు పలుకుచు తన సుఖము చూచుకొనును. ట్రెంచ్ ఆదర్శములు పలికి, తెలిసిన వెనుక తలవంచుకొనును. మన పాఠశాలలలో ప్రహసనమును తక్కువ జాతి రచనగా చూచు అలవాటు ఇంకను పోలేదు. వీరేశలింగము మొదలు నేటి వరకు సంఘమునకు అద్దము పట్టిన రచనలలో సగము ప్రహసనములే యని మరచుట వలన వచ్చిన అలవాటది.

నిజాము ఏలుబడిలోని హైదరాబాదులో ఆ కథ దూరదేశపు కథ కాదు. జాగీరుల రాబడితో చదువుకొనుచున్న పిల్లలు, ఆ జాగీరులలో వెట్టి చేసిన వారి బిడ్డలు ఒకే ప్రేక్షకశాలలో కూర్చుండిన కాలమది. ఎవరి 700 పౌన్లు ఎక్కడివో ఎవరికి వారు లెక్క చూచుకొనవలసిన ప్రశ్నను ఒక ఇరువదియారేండ్ల వాడు నవ్వుల నడుమ వారి ముందుంచినాడు. ఉపన్యాసముగా చెప్పియుండిన ప్రభుత్వము ఊరకుండెడిది కాదు. ప్రహసనమగుటచే చప్పట్లు కొట్టినారు.

ఆ ప్రదర్శనమును రవీంద్రనాథ ఠాకూరు చూచి మెచ్చినాడనియు, మఖ్దూంను శాంతినికేతనమునకు ఆహ్వానించినాడనియు అతని చరిత్ర వ్రాసినవారు చెప్పుచున్నారు. 1935లో మఖ్దూం ఠాకూరును గూర్చియు, ఆయన కవిత్వమును గూర్చియు ఉర్దూలో ఒక గ్రంథము ప్రకటించినాడు. నవ్వించువాడని పేరు పడిన విద్యార్థి తొలి గద్యగ్రంథము విశ్వకవి మీద! హాస్యగాడు లోతు లేనివాడని తలచువారికి అది చాలిన సమాధానము. మురషిద్ మొదలగు మరికొన్ని నాటకములను కూడ అతడు వ్రాసినాడు.

1936లో ఎం.ఏ. పట్టము వచ్చినది. కొంత కాలము ఉద్యోగమునకై తిరిగి, ఆ దశాబ్ది చివర సిటీ కళాశాలలో ఉర్దూ అధ్యాపకుడైనాడు. 1939లో కామ్రేడ్స్ అసోసియేషన్ ఏర్పడినప్పుడు అందులో ముందు నిలిచినాడు. మరుసటి ఏటికి కమ్యూనిస్టు పక్షములో ఉన్నాడు. ఎన్నియో పస్తుల పిమ్మట దొరకిన జీతమును, పెంచవలసిన కుటుంబముండగానే, 1940ల తొలినాళ్ళలో వదలుకొన్నాడు. ట్రెంచ్ చేయలేని పని ఇది. నాటకమే అతనిచే ఈ పని చేయించినదనుట అతిశయోక్తి యగును గాని, ఆ పాత్రను అంత దగ్గరగా చూచినవానికి తన జీతమును గూర్చి ప్రశ్న పుట్టకుండునా?

తరువాతి చరిత్ర సుపరిచితము. రైల్వే కార్మికులు, సిగరెట్టు కర్మాగారము వారు, గుండీల కర్మాగారము వారు సంఘములు కట్టుకొన్నారు. 1946లో అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు అతడు అధ్యక్షుడైనాడు. సాయుధ పోరాట కాలములో అజ్ఞాతవాసము, 1951లో నిర్బంధము, 1952లో విడుదల. ఆ యేడే హుజూర్‌నగరు నుండి శాసనసభకు ఎన్నికైనాడు. నల్లగొండ జిల్లా తెలుగు రైతులు ఒక ఉర్దూ కవిని తమ ప్రతినిధిగా పంపుట మన సాహిత్య చరిత్రలోను చెప్పుకొనదగిన సంగతి. 1958లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో ప్రతిపక్ష నాయకుడుగా చిరకాలము పనిచేసినాడు.

ఇంత పని నడుమ కవిత్వము కొంచెమే మిగిలినది. సుర్ఖ్ సవేరా, అనగా ఎర్రని వేకువ, 1944లో వెలువడినది. గులె తర్ 1961లో, బిసాతె రక్స్ 1966లో వచ్చినవి. మూడును కలిపినను పెద్ద గ్రంథము కాదు. హవేలీ అను కవితలో శిథిలమైన పాత భవంతినే భూస్వామ్య వ్యవస్థకు గుర్తుగా నిలిపినాడు. యౌవనములో అద్దె ఇండ్ల ప్రహసనమును అనుసరించినవాడు పిమ్మట కూలుచున్న దివాణమును పాడుట యాదృచ్ఛికము కాకపోవచ్చును. ఆ కవితలో నవ్వు లేదు, ఉన్నది అసహ్యము. వయసుతో పాటు ఆ అసహ్యమును కరిగి, చివరి గజళ్ళలో పూలు, రాత్రి, ఎదురుచూపు మిగిలినవి. వానిని సినిమావారు వెదకి తెచ్చుకొన్నారు. 1960లో ఉస్‌నే కహా థా చిత్రములోను, 1964లో చా చా చా చిత్రములోను అతని పాటలున్నవి. 1982 నాటి బాజార్ చిత్రములో హైదరాబాదుకే చెందిన తలత్ అజీజ్, లతా మంగేష్కరుతో కలిసి పాడిన రాత్రిపూల గజలు దేశమంతట మారుమ్రోగినది. దానిని కూనిరాగము తీయువారిలో ఎందరికో కవి పేరు తెలియదు.

ఆ పాటను మఖ్దూం వినలేదు. 1969 ఆగస్టు 25వ తేదీన ఢిల్లీలో గుండెపోటుతో ఆయన మరణించినాడు. దేహమును హైదరాబాదునకు తెచ్చి, నాంపల్లి వద్ద హజ్రత్ షా ఖామోష్ దర్గా ఆవరణలో ఖననము చేసినారు. ఖామోష్ అనగా మౌని. జీవితమంతయు మాటతో, పాటతో, నవ్వుతో సభలను కదిలించినవానికి మౌని పేరిటి వల్లకాడు దొరకినది. బిసాతె రక్స్ గ్రంథమునకు సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినది ఆ 1969వ సంవత్సరమునకే.