హెన్రీ డార్సీ

ఫ్రాన్సు దేశమున డిజాన్ అను నగరము కలదు. 1803వ సంవత్సరమున హెన్రీ డార్సీ అచట జన్మించెను. పదునాలుగేండ్ల ప్రాయమున తండ్రి గతించినను, తల్లి పట్టుదలతో ఆయనను చదివించెను. పారిస్ నగరమున విద్య ముగించి, ఇంజనీరై ఆయన స్వస్థలమునకు మరలి వచ్చెను.

ఆ కాలమున డిజాన్ ప్రజలు కలుషితమైన నూతినీటినే త్రాగుచుండిరి. డార్సీ ఊరివెలుపలి జలాధారములను పరిశీలించి, రోజ్వార్ ఊటను ఎన్నుకొనెను. పండ్రెండు కిలోమీటర్లకు మించిన దూరమునుండి, కప్పు గల కాలువ ద్వారా, 1840లో ఆ నీరు నగరము చేరెను. వీథివీథిని కొళాయిలు వెలసెను. పేదలకును మంచినీరు లభించెను. తనకు రావలసిన ప్రతిఫలమును మాత్రము ఆయన స్వీకరింపలేదు.

ఆరోగ్యము క్షీణించినను డార్సీ పరిశోధన మానలేదు. ఇసుక నింపిన నిలువు గొట్టములోనికి నీటిని పంపి, ప్రవాహమును కొలిచెను. నీటిమట్టముల భేదము పెరిగినచో ప్రవాహము పెరుగును. ఇసుకపొర మందము పెరిగినచో తగ్గును. ఈ సూత్రమును 1856లో ప్రకటించెను. రెండేండ్లు గడవకమునుపే, 1858 జనవరిలో, ఆయన కన్నుమూసెను.

నేడు నగరముల క్రింద భూగర్భజలము ఎచట ఎంత కలదో, ఎంత తోడవచ్చునో తెలుపు పటములు సిద్ధపరచువారికి ఆ సూత్రమే ఆధారము. కంటికి కానరాని నీటికి లెక్క నేర్పిన మహనీయుడు డార్సీ.