గ్రంథకర్తయైన వడ్రంగి – థామస్ చిప్పెండేల్ చరిత్రము

రాజుల చరిత్రములును, కవుల చరిత్రములును గ్రంథాలయపు బీరువాలలో విరివిగా గలవు. ఆ బీరువాలను చేసినవారి చరిత్రములు మాత్రము కానరావు. ఉలి పట్టిన చేయి కలము పట్టుట అరుదగుటయే ఇందులకు కారణము. ఆ రెండును పట్టి, రెండింటను పేరుగాంచినవాడు ఒకడు పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండు దేశమున నుండెను. అతడే థామస్ చిప్పెండేల్. రాణీ ఆన్ రీతి, జార్జి రాజుల రీతి యని కుర్చీలను, బల్లలను పాలకుల పేర పిలుచు లోకమే, ఒక రీతిని ఈ వడ్రంగి పేర పిలుచుచున్నది. అతడు జీవించిన కాలముననే విశాఖపట్టణమున గూడ అట్టి నేర్పరులు పెక్కుమంది పనిచేయుచుండిరి. వారి మాట కడపట వచ్చును. మొదట ఇతని కథ తెలిసికొనదగును.

చిప్పెండేల్ 1718వ సంవత్సరమున యార్కుషైరు మండలమందలి ఆట్లీ యను చిన్న పట్టణమున జన్మించెను. జూన్ 5వ తేదీన అచటి చర్చిలో అతనికి బాప్తిస్మము జరిగినట్లు దాఖలా గలదు. తండ్రి జాన్ వడ్రంగి. తల్లి పేరు మేరీ. వారికి ఇతడొక్కడే సంతానము. మన దేశమున వలెనే ఆ కుటుంబమున గూడ వడ్రంగము తరతరములుగా వచ్చుచుండెను. కుసి బెజ్జములో బిగువుగా కూర్చుండుట, కొయ్య పోగు నడచు తీరు చూచి చిత్రిక పట్టుట మొదలగు పాఠములు ఇట్టి యింట బుట్టినవానికి పలకబలపములతో పాటే అలవడును.

యౌవనమున అతడు లండను నగరము చేరెను. 1748వ సంవత్సరము మే 19వ తేదీన కాథరిన్ రెడ్‌షా యను కన్యను వివాహమాడెను. వారికి తొమ్మండుగురు బిడ్డలు కలిగిరి. కొలది సంవత్సరములు చిన్న యిండ్లలో కాపురముండి పని చేసుకొన్న పిమ్మట, 1754 ప్రాంతమున సెయింట్ మార్టిన్స్ లేన్ అను వీధిలో పెద్ద కార్యాలయమును స్థాపించెను. జేమ్స్ రానీ యను స్కాట్లండు దేశస్థుడు పెట్టుబడి పెట్టి భాగస్వామి యయ్యెను. దుకాణమునకు గుర్తుగా కుర్చీ బొమ్మను నిలిపిరి. వడ్రంగులు, నగిషీ చెక్కువారు, బంగారు రేకు అద్దువారు, కుర్చీలకు పరుపులు కుట్టువారు అందరును ఆ కప్పుల క్రిందనే పనిచేయుచుండిరి.

అదే 1754వ సంవత్సరమున, అనగా బొబ్బిలి యుద్ధమునకు మూడేండ్లు ముందు, అతడు తన జీవితమునకెల్ల ముఖ్యమైన కార్యమును చేసెను. కుర్చీలు, మంచములు, బల్లలు, పుస్తకముల బీరువాలు, అద్దముల చట్రములు మొదలగువాని పటములు 160కి పైగా రాగిరేకులపై చెక్కించి, ఒక మహాగ్రంథముగా అచ్చొత్తించెను. దాని పేరునకు పెద్దమనుష్యులకును, వడ్రంగులకును మార్గదర్శి యని భావము. పేరులోనే యజమానిని, పనివానిని ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టుట గమనింపదగినది. గ్రంథారంభమున స్తంభముల అయిదు విధములను, వాని ప్రమాణములను, దూరదృష్టి ననుసరించి బొమ్మ గీయు విధమును వివరించెను. శిల్పశాస్త్రములలో మానప్రమాణములు ముందు చెప్పి పిమ్మట రూపభేదములు చెప్పు మన పెద్దల పద్ధతికి ఇది మిక్కిలి దగ్గర. ఆ పటములలో ఫ్రెంచి వారి రీతి, చైనా వారి రీతి, పాత చర్చిల గాతిక్ రీతి అను మూడును ఇంగ్లీషు కుర్చీలో ఇమిడి క్రొత్త రూపము దాల్చినవి.

ఇంత ఖర్చైన పుస్తకము చందాలవలన వెలుగు చూచెను. ముందుగా సొమ్ము చెల్లించి పేరు నమోదు చేయించుకొన్నవారు 300కు పైగా నుండిరి. ఆ పట్టికలో ప్రభువులు గలరు. వారితో పాటు వడ్రంగులును, నగిషీ పనివారును గలరు. ఇట్టి పటములు కాగితముపై బాగుండునే గాని కొయ్యలో రావని ఎగతాళి చేసినవారు గూడ లేకపోలేదు. అచ్చొత్తించిన ప్రతి పటమును తాను చేసి చూపగలనని పీఠికలోనే చిప్పెండేల్ వారికి సమాధానము చెప్పెను. మరుసటి యేడే రెండవ ముద్రణము వచ్చెను. 1762లో మూడవ ముద్రణము పటములు పెరిగి 200 కాగా వెలువడెను. ఫ్రెంచి భాషలో గూడ వచ్చెను. తాత తండ్రులు కొడుకునకు మాత్రమే చెప్పు వృత్తిరహస్యమును ఇతడు వెలకు దొరకు పుస్తకముగా చేసెను. ఇందువలన తన పని పోవునని అతడు జంకలేదు.

కష్టములు వెంటనే వచ్చినవి. 1755 ఏప్రిల్ 5వ తేదీన కర్మాగారమున అగ్ని ప్రమాదము జరిగి, ఇరువదిరెండుగురు పనివారి ఉలిపెట్టెలు భస్మమయ్యెను. రంపము, బాడిస, ఉలి, చిత్రిక పోయిన వడ్రంగి చేతులు పోయినవానితో సమానము. దుకాణము మరల లేచెను. 1766లో భాగస్వామి రానీ మరణించెను. అతని వారసుల బాకీ తీర్చుటకై సరుకును వేలము వేయవలసి వచ్చెను. 1771లో రానీ కడ లెక్కలు వ్రాసిన థామస్ హేగ్ భాగస్వామిగా చేరి కార్యాలయమును నిలిపెను. చిప్పెండేల్ చేతికి నేర్పు గలదు. చిట్టాకు మాత్రము హేగ్ వంటివాడు కావలసి వచ్చెను.

అతని పనితనమునకు సాక్షులు ఇంగ్లండు, స్కాట్లండులందలి పెద్ద భవనములు. నాస్టెల్ భవనమునకు 1767లో చేసిన గ్రంథాలయపు బల్ల వెల 72 పౌనుల 10 షిల్లింగులు. గ్రంథములు విప్పి చదువుటకు చేసిన ఆ బల్ల నేటికిని ఆ భవనముననే యున్నది. ఆ యింటివారికే వంటయింటిలో మాంసము కొట్టు మొద్దును గూడ అతడు సరఫరా చేసెను. గొప్ప పని, కొద్ది పని అను భేదము అతని పద్దులలో లేదు. జన్మస్థలమైన ఆట్లీకి చేరువనున్న హేర్‌వుడ్ భవనమునకు 1773లో చేసిన సొరుగుల బల్లపై డయానా, మినర్వా దేవతల రూపములు రంగురంగుల చెక్కతో పొదుగబడినవి. దాని వెల 86 పౌనులు. హేర్‌వుడ్ ప్రభువుల ధనము వెస్టిండీసు దీవులలో బానిసల చెమటతో పండిన చెరకు ధనము. ఇంగ్లండున అందరు మెచ్చిన మహాగని కొయ్యయు ఆ ప్రాంతపు అడవులనుండియే వచ్చెడిది. ఈ సంగతిని మరచి ఆ బల్లల నునుపును మాత్రము మెచ్చుట న్యాయము కాదు.

ఇంతటివాడు సుఖపడెనా యన్నచో, లేదనియే చెప్పవలెను. ప్రభువులు సరుకు త్వరగా కోరుదురు. సొమ్ము నిదానముగా నిత్తురు. కూలివారికి ప్రతి వారము చెల్లింపవలెను. నాస్టెల్ ప్రభువైన సర్ రోలండ్ విన్‌కు బాకీ తీర్చుమని వేడుకొనుచు చిప్పెండేల్ వ్రాసిన లేఖలు నేటికిని గలవు. పని ఆలస్యమైనదని ఆ ప్రభువు మందలించుటయు గలదు. చిప్పెండేల్ నిష్కళంకుడని చెప్పుటకును వీలులేదు. ఫ్రాన్సునుండి అసంపూర్ణములైన కుర్చీచట్రములు అరువదింటిని తెప్పించి, తక్కువ వెల చూపినందున సుంకపువారు వానిని పట్టుకొనిరి.

సుంకపువారి కథ మరియొకటి తూర్పుతీరమునకు సంబంధించినది. ప్రఖ్యాత నటుడు డేవిడ్ గారిక్ ఇతని కొనుగోలుదారులలో నొకడు. గారిక్ దంపతుల మంచమునకు తెరలుగా కట్టుటకు కోరమండల తీరపు అద్దకపు వస్త్రమును కలకత్తా వర్తకులు కానుకగా పంపిరి. ఇంగ్లండు నేతగాండ్రను కాపాడుటకు అట్టి వస్త్రములను ఆ దేశమున నిషేధించి యుండిరి. కావున సుంకపువారు దానిని స్వాధీనపరచుకొనిరి. తుదకు ఆ వస్త్రము యజమానులను చేరెను. చిప్పెండేల్ కార్యాలయమున చేసిన ఆ మంచమును, మనవారి అద్దకమును నేడు లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో చూడవచ్చును.

1772లో కాథరిన్ మరణించెను. 1777లో అతడు ఎలిజబెత్ డేవిస్‌ను మరల పెండ్లియాడెను. 1779వ సంవత్సరము నవంబరులో క్షయవ్యాధిచే మరణించెను. మిగిలిన సొత్తు స్వల్పము. సమాధి ఆనవాలు నేడు కానరాదు. అదే పేరుగల పెద్దకుమారుడు దుకాణమును నడపెను గాని 1804లో దివాలా తీసెను.

ఇక విశాఖపట్టణపు మాట. చిప్పెండేల్ లండనులో పని చేయించుచున్న ఆ యేండ్లలోనే ఇచటి పనివారు టేకు, జిట్రేగి మొదలగు కొయ్యలతో ఇంగ్లీషువారు కోరిన కుర్చీలను, వ్రాతబల్లలను, పెట్టెలను చేయుచుండిరి. ఏనుగు దంతమును పలుచని రేకులుగా కోసి, మొదట కొయ్యలో లతలుగా, పువ్వులుగా పొదిగెడివారు. పిమ్మట పెట్టె అంతయు దంతపు రేకుతో కప్పి, దానిపై సన్నని గీతలు చెక్కి, ఆ గీతలలో నల్లని లక్క నింపి బొమ్మలు తేర్చెడివారు. లండను రీతుల ఛాయలు ఆ వస్తువులలో గలవు. అంచుల లతలు మాత్రము మన అద్దకపు బట్టల లతలే. చెన్నపట్టణమునకు 1773 మొదలు 1775 వరకు గవర్నరుగా నుండిన అలెగ్జాండర్ వించ్ కడ ఇచటి దంతపు కుర్చీలుండెను. అతడు మరణించిన పిదప 1781లో జరిగిన వేలములో మూడవ జార్జి రాజు వానిని తన రాణి షార్లట్ కొరకు కొనెను. దంతపు వ్యాపారము నేడు చట్టనిషిద్ధము, అది ఉచితమే. ఆనాటి హస్తనైపుణ్యము మాత్రము తల వంచి నమస్కరింపదగినది.

ఆ కుర్చీలను కలిగియుండిన గవర్నరు పేరు తెలియును. కొన్న రాజు పేరు తెలియును. వేలము జరిగిన యేడు తెలియును. చేసిన వడ్రంగి పేరును మాత్రము ఎవ్వరును వ్రాసి పెట్టలేదు. చిప్పెండేల్ గూడ తన వస్తువులపై పేరు గాని, ముద్ర గాని వేయలేదు. ప్రభువుల యిండ్లలో నిలిచిన పద్దులు, రసీదులు, బాకీ లేఖలు చూచియే నేటి పండితులు ఇది అతని పని యని నిర్ణయించుచున్నారు. అతనిని ఏడ్పించిన ఆ బాకీ కాగితములే అతని కీర్తికి సాక్ష్యములైనవి. తక్కినదంతయు అతని గ్రంథము చేసెను. వృత్తిగా చేయువారును, తీరిక వేళల సరదాకు చేయువారును దేశదేశములలో నేటికిని ఆ పటములను చూచి కుర్చీలు చేయుచున్నారు. నేర్పున విశాఖపట్టణపు పనివారు అతనికి తీసిపోరు. వారికి లేనిది వ్రాత యొక్కటే.

పేరులోనే కంచరపనివారి స్మరణ గల కంచరపాలెము నేడు మహానగరమున కలిసిపోయినది. తలుపునకు నగిషీ చెక్కగల ముదుసలి చేతులు ప్రతి పేటలోను కొన్ని ఇంకను గలవు. గ్రంథాలయమున ఒక పుస్తకము తెరచి, అట్టివారి పేరు, గురువు పేరు, చేసిన వస్తువుల కొలతలు, పటములు వ్రాయించినచో వ్యయము స్వల్పము, ఫలము చిరకాలము. రజతోత్సవము జరుపుకొనుచున్న గ్రంథాలయమునకు ఇతరులు వ్రాసిన గ్రంథములను దాచుటతో పాటు, వ్రాయనేరని నేర్పరుల విద్యను వ్రాయించి దాచుటయు తగిన ధర్మము. ఆ పుస్తకపు మొదటి పుటలో వ్రాయదగిన పేర్లు గలవారు నేడు చదువరుల వీధులలోనే రంపము పట్టి యున్నారు.