గ్రంథాలయ పితామహ అయ్యంకి వెంకటరమణయ్యగారి చరిత్రము

అన్నదానము ఒకపూట ఆకలిని తీర్చును. వస్త్రదానము ఒక సంవత్సరము శరీరమును గప్పును. విద్యాదానమన్ననో పుచ్చుకొన్నవానితో నాగక వాని బిడ్డలకును, వారి బిడ్డలకును సంక్రమించును. ఇచ్చినవానికిని తఱుగు రాదు. అందుచేతనే మన పూర్వులు పుస్తకములు వ్రాయించి యిచ్చుటను మహాపుణ్యకార్యములలో నొకటిగా నెంచిరి. ఆ పుణ్యమును తాటియాకుల కట్టలనుండి వీథిలోని సామాన్యుని చేతికి దెచ్చుటకు తన యాయువునెల్ల ధారవోసిన మహనీయుడొకడు మన యాంధ్రదేశమున నుండెను. ఆయన చరిత్రమును ఈ మహాసభా సంచికయందు సభ్యులకును, పోషకులకును విన్నవింప బూనితిని.

ఇట్టి సంచికలలో కులపెద్దల చరిత్రములు ప్రకటించుట యాచారము. ఈ చరిత్రనాయకుడు మనవాడగునా యని యడుగువారుందురు. ఆ ప్రశ్నకు ఉత్తరము ఈ వ్యాసము చదివి ముగించునప్పటికి వారికే దోచునని నా విశ్వాసము.

అయ్యంకి వెంకటరమణయ్యగారు 1890వ సంవత్సరమున తూర్పుగోదావరి మండలమునందలి కొంకుదురు గ్రామమున జన్మించిరి. ఆ కాలమున మన దేశమునందు పుస్తకము దుర్లభవస్తువు. సంస్థానాధిపతుల కోటలలోను, మఠములలోను, పండితుల యిండ్ల యటుకలమీదను తాళపత్రములుండెడివి. అచ్చుపుస్తకములు పట్టణములలో దొరకినను కొనగలవారు కొలదిమంది. పదిమందియు గూర్చుండి చదువుకొనుటకు ఒక చోటు కావలెనను తలంపు అప్పుడప్పుడే మొలకెత్తుచుండెను. మనకు గర్వకారణమైన విషయమేమనగా, ఆ మొలకలలో మిక్కిలి ముందటిది మన విశాఖపట్టణముననే మొలచినది. 1886లో మంతిన ఆదినారాయణమూర్తిగారు స్వంత సొమ్ముతో అచట నొక గ్రంథాలయమును స్థాపించిరి. 1897లో పశ్చిమగోదావరి ప్రాంతమున కుముదవల్లి గ్రామమునందు వీరేశలింగ కవిగారి పేరిట మఱియొకటి వెలసెను. 1901లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగు పెద్దలు హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును నెలకొల్పిరి. ఇవి యన్నియు వేఱువేఱు దీపములు. ఒకదాని వెలుగు మఱియొకదానికి దెలియదు. వీనినన్నిటిని ఒక తోరణముగా గ్రుచ్చిన కీర్తి వెంకటరమణయ్యగారిది.

ఆయన యౌవనమున నడుగిడునాటికి వందేమాతరోద్యమము దేశమంతట వ్యాపించినది. 1907లో బిపినచంద్రపాలుగారు విజయనగరము, విశాఖపట్టణము, కాకినాడ, రాజమహేంద్రవరము, బెజవాడ, బందరులలో నుపన్యసించుచు చెన్నపట్టణము వఱకు సంచారము చేసిరి. ఆ వేడిమి సోకిన యువకులలో కొందఱు పాఠశాలలు వదలిరి, కొందఱు చెఱసాలలకేగిరి. వెంకటరమణయ్యగారి బుద్ధి వేఱొక మార్గమును బట్టినది. ఉపన్యాసము విన్న జనుల యావేశము నాలుగుదినములలో చల్లాఱును. చదువు నేర్చిన జనుల వివేకము చల్లాఱదు. ఆయన తరువాతి జీవితమంతయు ఈ యొక్క నిశ్చయమునకు భాష్యమువలె నున్నది. 1910లో బందరునుండి ‘ఆంధ్రభారతి’ యను సచిత్ర మాసపత్రికను నడపిరి. పత్రిక నడపినవానికి ఒక రహస్యము శీఘ్రముగా దెలియును: చదువగోరువారు వేలు, చందా కట్టగలవారు వందలు. ఈ రెంటికిని నడుమనున్న యగాధమును పూడ్చునది గ్రంథాలయమొక్కటే.

బెజవాడలో 1903లో స్థాపితమైన రామమోహన ధర్మపుస్తక భాండాగార మొకటి యుండెను. 1911 ప్రాంతమున వెంకటరమణయ్యగారు దాని కార్యభారమును వహించిరి. ఆ స్థలమే వారి తపోభూమి. అచటినుండియే వారు గ్రామగ్రామమునందలి పఠనమందిరములకు జాబులు వ్రాసి, వాని పేరులను సేకరించి, 1914 ఏప్రిలు 10వ తేదీని ఆంధ్రదేశ గ్రంథభాండాగార ప్రతినిధుల ప్రథమ మహాసభను సమావేశపఱచిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అధ్యక్షత వహించిరి. చిన్ననాటినుండి దృష్టిమాంద్యముచే బాధపడి, ఇతరులు చదువగా విని, తాము చెప్పగా ఇతరులు వ్రాయ గ్రంథములు రచించిన మహాకవి చదువరుల తొలిసభకు అధ్యక్షుడగుట యెంతయు నుచితముగా నున్నది. అక్షరము కంటికి మాత్రమే చెందినది కాదనియు, చెవితో వినువాడును చదువరియే యనియు ఆ యధ్యక్షుని జీవితమే చాటుచుండెను. ఆ సభయందే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడినది. భారతదేశమున ఇట్టి సంఘములలో నిది మిక్కిలి ప్రాచీనము.

ఆ సంఘము చేసిన పని సామాన్యమైనది కాదు. దొరతనమువారి ధనసహాయమును నమ్ముకొనక, గ్రామస్థులు స్వయముగా గ్రంథాలయమును నిలుపుకొనునట్లు చేయుటయే దాని పద్ధతి. ఒక బీరువా, ఒక దీపము, ఒక చాప, ఒక వార్తాపత్రిక యున్న చాలును. సాయంకాలము చదువు వచ్చినవాడు పత్రికను బిగ్గఱగా జదువును; రానివారు చుట్టును గూర్చుండి విందురు. వినివిని యక్షరములు నేర్వగోరినవారికి రాత్రిపాఠశాల పెట్టుదురు. పుస్తకము వద్దకు రాలేనివాని వద్దకు పుస్తకమే పోవలెనని సంచార గ్రంథాలయములు బయలుదేఱినవి. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు మండలమున పెదపాలెమునుండి కొల్లూరు వఱకు కాలువమీద పడవలలో పుస్తకములను పంపిరి. ధాన్యమును, ప్రయాణికులను మోయు పడవ పుస్తకములపెట్టెను గూడ మోయుట జూచి కాలువగట్టు గ్రామములవా రెంత మురిసిరో యూహించుకొనవచ్చును. వేటపాలెమున 1918లో వెలసిన సారస్వత నికేతనము ప్రాతపత్రికల నిధియై నేటికిని పరిశోధకులను రప్పించుచున్నది. ఇట్టివారికిని, ఇట్టివానికిని అండగా నిలిచినది వెంకటరమణయ్యగారు లేవదీసిన యుద్యమము.

ఆయన చూపు ఆంధ్రదేశముతో నాగలేదు. ‘గ్రంథాలయ సర్వస్వము’ అను పత్రికను తెలుగున నడపి, పుస్తకముల నెట్లు కూర్చవలెను, ఎట్లు పట్టికలు వ్రాయవలెను, చదువరుల నెట్లు ఆకర్షింపవలెను అను విషయములను పల్లెటూరి కార్యదర్శికిని బోధపడునట్లు ప్రచురించిరి. 1919 నవంబరు 14వ తేదీని చెన్నపట్టణమున అఖిలభారత గ్రంథాలయ మహాసభను సమకూర్చిరి. ఆనాడు గ్రంథాలయ విషయమున దేశమునకెల్ల తలమానికమైన బరోడా సంస్థానమునుండి కుదాల్కరుగారు వచ్చి యధ్యక్షత వహించిరి. అనంతరము 1923లో కాకినాడయందును, 1924లో బెళగామునందును కాంగ్రెసు సభలు జరిగిన సమయములలో గ్రంథాలయ మహాసభలును జరిగినవి. దేశనాయకులు గుమిగూడిన చోటికే గ్రంథాలయోద్యమమును గొంపోయి, స్వరాజ్యమునకు బుస్తకముకూడ నొక సాధనమని వారిచేత నొప్పించుటయే ఇందలి యుపాయము. నవంబరు 14 మొదలు 20 వఱకు మనము ప్రతివత్సరము జరుపుకొను జాతీయ గ్రంథాలయ వారోత్సవములు ఆ చెన్నపట్టణపు సభాదినముతోనే యారంభమగుచున్నవి.

ఇక శాస్త్రవిషయము. గ్రంథాలయమును నడుపుట చేతిపని మాత్రమే కాదనియు, శిక్షణ వలయు విద్య యనియు మన సంఘము ముందుగనే గుర్తించి, 1920లో బెజవాడయందు శిక్షణ తరగతులు నడపినది. 1924లో చెన్నపురి విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా నియుక్తులైన షియాలి రామామృత రంగనాథనుగారు ఈ విద్యకు సూత్రములు రచించి, వర్గీకరణ విధానమును గల్పించి, దానిని శాస్త్రపదవికి దెచ్చిరి. 1935లో వాల్తేరులోని ఆంధ్రవిశ్వకళాపరిషత్తు గ్రంథాలయశాస్త్రమున డిప్లొమా తరగతిని ప్రారంభించినది. వెంకటరమణయ్యగారు ఏ విశ్వవిద్యాలయమునందును ఆచార్యపీఠ మెక్కలేదు. అయినను దున్నినవాడొకడు, విత్తినవాడొకడు, కోసినవాడొకడు గదా. ఊరూర గ్రంథాలయములు లేనిచో గ్రంథాలయశాస్త్రము నేర్చినవారికి పనియెక్కడిది? పండితుని శాస్త్రమును, కార్యకర్త శ్రమయు గలిసినప్పుడే ఫలము చేతికందినది.

ఆ ఫలమేదనగా శాసనము. 1948లో మదరాసు పౌరగ్రంథాలయ శాసనము చట్టసభయందు నెగ్గినది. స్వతంత్రభారతమున నిట్టి శాసనములలో నిదియే మొదటిది. మన విశాఖపట్టణ మండలము నాడు మదరాసు రాష్ట్రములోనిదే గావున ఆ మేలు మనకును జెందినది. ఇంటిపన్నుమీద రూపాయికి ఆరు పైల చొప్పున గ్రంథాలయపు పన్ను విధించిరి. 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ శాసనము వచ్చినది. ఇప్పుడు మనము చెల్లించు ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు ఈ నిమిత్తమే చేరుచున్నవి. దీనియర్థ మేమి? గ్రంథాలయము దాత దయాభిక్షము కాదు. ప్రతి గృహస్థుడును మూల్యము చెల్లించిన హక్కు. పూరింటివాడును చెల్లించినాడు, మేడవాడును చెల్లించినాడు. కావున లోనికి వచ్చుటకు వారిద్దఱకును సమానాధికారము.

ఇచట నొక కఠినమైన మాట చెప్పక తప్పదు. ఆ తొలినాళ్ల గ్రంథాలయములు పెక్కు గుడియరుగులమీదను, భజనమందిరములలోను, పెద్దల యిండ్ల వసారాలలోను ఉండెడివి. ఆ గడప దాటరాని వారు ఊరిలో సగముమంది యుండిరి. స్త్రీలు పురుషుల నడుమ కూర్చుండి పత్రిక చదువుట యెక్కువచోట్ల నూహకు దూరము. ఉద్యమకర్తల యాశయము సర్వజనులకు విద్య. స్థలము మాత్రము ఆశయమును వెక్కిరించుచుండెను. తాళము లేని బీరువా యైనను, గడప యడ్డుపడినచో తాళము వేసినదానితో సమానము. స్వంతభవనములును, శాసనబద్ధమైన ప్రవేశహక్కును వచ్చిన తరువాతనే ఈ కొఱత కొంత తీఱినది. పెద్దల సత్కార్యమును గొనియాడుటతోబాటు అది యెచట నాగిపోయినదో తెలిసికొనుటయు వారికి మనము చేయు గౌరవమే.

వెంకటరమణయ్యగారు ప్రకృతిచికిత్సయందును మిక్కిలి శ్రద్ధ గలవారు. శరీరమునకు పథ్యము, మనస్సునకు పఠనము అనునట్లు ఈ రెండు వ్రతములను గడవఱకు వీడలేదు. ఆంధ్రజనులు వారిని గ్రంథాలయ పితామహుడని పిలుచుకొనిరి. 1972లో భారతప్రభుత్వము పద్మశ్రీ బిరుదముతో సత్కరించినది. 1979లో వారు స్వర్గస్థులైరి. బీరువాకు దిక్కులేని కాలమున బుట్టి, గ్రంథాలయమునకు చట్టము వచ్చిన కాలము వఱకు జీవించి, తాను నాటిన చెట్టు నీడను తానే చూడగల భాగ్యము వారికి గలిగినది.

ఈ చరిత్రమువలన మనము గ్రహింపదగిన గ్రంథాలయధర్మము నాలుగు మాటలలో నిమిడియున్నది. మొదటిది: వచ్చినవాని కులమును, ధనమును అడుగరాదు, ఏమి కావలెనని మాత్రమే యడుగవలెను. రెండవది: తనకు నచ్చని పుస్తకమని భాండాగారి దాచరాదు, వైద్యుడు తన రుచినిబట్టి మందీయడు గదా. మూడవది: ఎవడేమి చదివెనో ఊరివారికి చాటరాదు. రోగి రోగమును వైద్యుడును, చదువరి సందేహమును భాండాగారియు గుట్టుగా నుంచవలెను. నాల్గవది: తప్పుపుస్తకమును తప్పనియు, ఒప్పుపుస్తకమును ఒప్పనియు గుర్తించు శక్తిని చదువరికి గలిగించుటయే తన వృత్తికి పరమప్రయోజనమని యెఱుగవలెను.

నేడు విశ్వవిద్యాలయములు దీనినే సమాచారనీతి యని ప్రత్యేకశాస్త్రముగా బోధించుచున్నవి. సెల్‌ఫోనులో సమస్తమును దొరకుచుండగా గ్రంథాలయమేల యని యడుగువారికి ఆ నీతియే సమాధానము. ఆ యంత్రము ఏది సత్యమో చెప్పక, ఏది యెక్కువమంది చూచిరో దానిని ముందు పెట్టును. మనము చదివినదానిని మనకు దెలియకయే లెక్కవ్రాసి వర్తకులకు విక్రయించు సంస్థలును గలవు. గ్రామములోని గ్రంథపాలకునకు అట్టి వ్యాపారము లేదు. వాని పుస్తకమునందలి పేరు, పుస్తకము తిరిగి వచ్చుటకు మాత్రమే. ఈ భేదమును మన బాలురకు దెలుపుట అత్యవసరము.

మాడుగుల కొండల పాదమున నున్న యూరు. మన హల్వా రుచి దూరదేశములకు బోయినది. సంతకు కొండలమీదినుండి గిరిజనులు దిగివత్తురు. చుట్టుప్రక్కల పల్లెలనుండి బాలురు చదువునకు వత్తురు. నా బోధకవృత్తిలో నేను జూచినదేమనగా, తెలివి తక్కువై వెనుకబడిన బాలురకంటె పుస్తకము దొరకక వెనుకబడినవారే హెచ్చు. మన కులమువారు ఒకచోట జేరినప్పుడు కల్యాణమంటపమును గూర్చియు, సత్రమును గూర్చియు ఉత్సాహముతో మాటలాడుదురు. పుస్తకముల ప్రస్తావన తుదకు వచ్చును, వచ్చినను రేపటికి వాయిదా పడును. కల్యాణమంటపము సంవత్సరమున కొన్ని ముహూర్తములకే తెఱచికొనును. గ్రంథాలయము దినదినమును తెఱచికొనును.

కావున పోషకమహాశయులకు నా విన్నపమిది. మన సంఘము పేరిట ఒక పఠనమందిరము నెలకొల్పుడు. పాఠ్యగ్రంథములు, నిఘంటువులు, పోటీపరీక్షల పుస్తకములు, పురాణేతిహాసములు, దినపత్రికలు అందుంచుడు. స్త్రీలకు నిశ్చింతగా గూర్చుండు వేళయు, చోటును ఏర్పఱచుడు. గోడమీద దాతల పేరులు నిస్సంకోచముగా చెక్కించుడు, అది న్యాయమే. కాని గుమ్మముమీద కులము పేరు వ్రాయించి లోనికి వచ్చువారిని వడపోయకుడు. కొండనుండి దిగిన గిరిజనబాలుడును, మన పోషకుల మనుమడును ఒకే బల్లయొద్ద నొకే నిఘంటువును దిరుగవేయునాడు మన కులమునకు వచ్చు గౌరవము, మన వంశావళులను మనమే నూఱుమాఱులు చదువుకొన్నను రాదు. దానము చేసిన కులమని లోకము చెప్పుకొనవలెను. దాచుకొన్న కులమని చెప్పుకొనరాదు.

వెంకటరమణయ్యగారు మనవాడగునా యని మొదట వచ్చిన ప్రశ్నకు ఉత్తరమిదియే: మన యూర గ్రంథాలయపు తలుపు అందఱకును తెఱచిననాడు ఆయన మనవాడగును. అట్టి సత్సంకల్పమును సభ్యులకును, దానిని నెఱవేర్చు సంపదను పోషకులకును శారదాంబ యనుగ్రహించుగాక.